రికార్డు ఎందుకు వెనక్కి వెళ్లిపోతోంది: పాత జ్యూక్‌బాక్సుల రిజెక్ట్ లోపాలపై ప్రసంగ పాఠం

అందరికీ నమస్కారం. జ్యూక్‌బాక్సు అంటే పాట ఎంచుకుంటే రికార్డును తానే అరలోంచి తీసి వాయించే పెట్టె; వాయించిన రికార్డును తిరిగి అరలోకి పంపేయడమే రిజెక్ట్. పాత జ్యూక్‌బాక్సుల మరమ్మతుల్లో ‘రిజెక్ట్ సరిగా లేదు’ అన్నంతగా తికమక పెట్టే ఫిర్యాదు మరొకటి లేదని నా అభిప్రాయం. ఆ ఒక్క మాట కింద ఒకదానితో మరొకదానికి పొత్తు లేని జబ్బులు కొన్ని దాగి ఉంటాయి. ఒక పెట్టెలో ముల్లు రికార్డు మీద ఆనీ ఆనకముందే రికార్డు తిరిగి అరలోకి వెళ్లిపోతుంది. ఇంకొక దానిలో పాట మంచి పట్టులో ఉండగా ఆగిపోతుంది. మరొక దానిలో పాట ముగిసినా రికార్డు కదలదు, ముల్లు లోపలి గాడిలో గరగరమంటూ తిరుగుతూనే ఉంటుంది. యజమాని వీటన్నిటినీ ఒకే వాక్యంలో చెబుతాడు, వినేవాడు స్క్రూడ్రైవర్ తీసుకుని టోన్ ఆర్మ్ (ముల్లును మోసే చేయి) దగ్గరున్న ట్రిప్ స్క్రూను, అంటే రిజెక్ట్ ఎప్పుడు మొదలవాలో సర్దే స్క్రూను, తిప్పడం మొదలుపెడతాడు. ఈ ప్రసంగంలో నేను వాదించబోయేది ఆ అలవాటుకు వ్యతిరేకంగానే. రికార్డును వెనక్కి పంపమని యంత్రానికి ఎక్కడినుంచో ఒక ఆజ్ఞ అందింది, లేదా అందవలసిన ఆజ్ఞ దారిలో ఎక్కడో ఆగిపోయింది. ఆ ఆజ్ఞ పుట్టిన చోటు, ఆగిన చోటు తేలేవరకు ఏ సర్దుబాటు స్క్రూనూ ముట్టుకోకూడదు.

ముందుగా యంత్రాల తీరు గురించి కొద్దిగా చెప్పుకోవాలి, ఎందుకంటే అన్ని జ్యూక్‌బాక్సులూ రికార్డును ఒకే విధంగా పట్టుకోవు. 1946లో వచ్చిన వర్లిట్జర్ 1015లో 24 రికార్డులు ఒకదానిపై ఒకటిగా అమర్చిన పళ్లాలలో ఉంటాయి. ఎంచుకున్న పళ్లెం పక్కకు జరగగానే కిందినుంచి టర్న్‌టేబుల్ పైకి లేచి, రికార్డును ఎత్తుకుని టోన్ ఆర్మ్ దాకా తీసుకువెళుతుంది. అందులో ఒక్కో రికార్డుకు ఒక వైపే వినిపిస్తుంది. అదే సంవత్సరం ఏఎమ్‌ఐ తెచ్చిన మోడల్ ఏలో 20 రికార్డులే ఉన్నా, వాటిని అరలోంచి తీసే చేయి కావలసిన వైపు పైకి వచ్చేలా పడుకోబెట్టగలదు కనుక 40 పాటలు వినవచ్చు. 1948లో సీబర్గ్ ఎం100ఏ వచ్చి ఈ లెక్కలన్నీ మార్చేసింది. అందులో 50 రికార్డులు నిలువుగా ఒకే వరుసలో ఉంటాయి. పట్టాల మీద నడిచే బండి ఒకటి కావలసిన రికార్డు ఎదుట ఆగి, దానిని నిలువుగానే బిగించి వాయిస్తుంది. రెండు వైపులా వాయించడానికి, గాడిని చదివే పికప్‌లో రెండు ముళ్లు ఉంటాయి, రికార్డు రెండు దిశల్లోనూ తిరుగుతుంది. 1950లో వచ్చిన ఎం100బి అదే పద్ధతిని 45 ఆర్‌పీఎం (నిమిషానికి 45 చుట్లు తిరిగే) రికార్డులకు అందించింది. ఈ మూడు తీరుల్లోనూ రిజెక్ట్ ఆజ్ఞ నడిచే దారి వేరువేరుగా ఉంటుంది. పాత పళ్లాల యంత్రాల్లో అది చాలావరకు లీవర్ల మీదుగా నడుస్తుంది. తర్వాతి వాటిలో ఒక స్విచ్, ఒక కాయిల్, తీగలు మధ్యలోకి వస్తాయి. ఒక తయారీదారు యంత్రంలో నేర్చుకున్న కిటుకును మరొక దానిమీద గుడ్డిగా ప్రయోగించవద్దని చెప్పడానికే ఈ ప్రస్తావన.

దారి ఏదైనా, ఆజ్ఞ పుట్టవలసిన చోటు మాత్రం అన్నిటిలోనూ టోన్ ఆర్మే. పాట అయిపోయిందని యంత్రానికి తెలియడానికి అంతకంటే వేరే ఆధారం లేదు. ఇక్కడ కొన్ని కొలతలు మనసులో పెట్టుకుంటే చాలా చిక్కులు వాటంతటవే విడిపోతాయి. 45 రికార్డు ఒక చుట్టు తిరగడానికి 1.33 సెకన్లు పడుతుంది. మూడు నిమిషాల పాటకు 135 చుట్లు. పాట నిండి ఉండే పట్టీ వెడల్పు బయటి అంచునుంచి లోపలి హద్దు వరకు సుమారు 30 మిల్లీమీటర్లకు మించదు కనుక, ఒక్కో చుట్టుకు ఆర్మ్ లోపలికి జరిగేది పావు మిల్లీమీటరు కూడా కాదు. అదే ఏడు నిమిషాల పాటను ఒక వైపే ఇమిడ్చిన రికార్డు అయితే చుట్లు 315, జరుగుడు ఒక్కో చుట్టుకు పదో వంతు మిల్లీమీటరుకు దగ్గరగా వస్తుంది. పాట ముగిశాక వచ్చే ముగింపు గాడిలో మాత్రం ఆర్మ్ ఒక్క చుట్టులోనే కొన్ని మిల్లీమీటర్లు లోపలికి దూకుతుంది. పాట ముగియగల లోపలి హద్దు వ్యాసం సుమారు 108 మిల్లీమీటర్లు, ముగింపు గాడి తన చుట్టూ తానే తిరుగుతూ మూసుకుపోయే వ్యాసం సుమారు 98. అంటే వ్యాసార్ధంలో ఐదు మిల్లీమీటర్ల తేడా. పాట నడుస్తోందా, అయిపోయిందా అన్న నిర్ణయం మొత్తం ఆ ఐదు మిల్లీమీటర్లలో జరగాలి. అరవై, డెబ్బై ఏళ్లనాటి ఇనుప లీవర్లూ ఆరిపోయిన గ్రీజూ ఆ పని ఇంకా చేస్తున్నాయంటే ఆశ్చర్యపోవలసిందే.

ఆ నిర్ణయాన్ని యంత్రాలు రెండు పద్ధతులలో తీసుకుంటాయి. ఒకటి స్థానాన్ని బట్టి: ఆర్మ్ ఫలానా వ్యాసార్ధం దాటగానే స్విచ్ కలుస్తుంది, మధ్యలో ఎంత నెమ్మదిగా వచ్చినా, ఎంత వేగంగా వచ్చినా దానికి పట్టదు. రెండవది వేగాన్ని బట్టి: ఆర్మ్ నెమ్మదిగా జరిగినంతసేపు దానికి ఘర్షణతో అంటిపెట్టుకుని ఉన్న చిన్న లీవరు జారిపోతూ వెనకబడుతుంది, ఒక్కసారిగా దూకినప్పుడు జారడానికి వ్యవధి లేక ఆ లీవరు ఆర్మ్‌తోపాటే వెళ్లి పని పూర్తిచేస్తుంది. రికార్డ్ చేంజర్లలో (రికార్డులను తామే మార్చుకునే ప్లేయర్లలో) బాగా ప్రసిద్ధమైన అమరికలో, టర్న్‌టేబుల్ ఇరుసు మీదున్న చిన్న కొక్కెం ప్రతి చుట్టుకూ ఆ లీవరును కొద్దిగా వెనక్కి నెడుతూ ఉంటుంది, చుట్టుకు జరిగిన దూరం ఎక్కువైనప్పుడు మాత్రం దానిని పట్టుకుంటుంది. 78 రికార్డుల కాలంలో ముగింపు గాడిని కావాలనే కేంద్రం తప్పించి చెక్కేవారు. అందులో పడ్డ ఆర్మ్ ఇటూ అటూ ఊగుతుంది, ఆ ఊపునే పసిగట్టే అమరికలు అప్పటి యంత్రాల్లో ఉన్నాయి. మీ ఎదుట ఉన్న యంత్రం వీటిలో ఏ రకానిదో ముందే తెలుసుకోవాలి, ఎందుకంటే ఒకే లక్షణానికి స్థానం చూసే యంత్రంలో ఒక కారణం ఉంటే, వేగం చూసే యంత్రంలో పూర్తిగా వేరే కారణం ఉంటుంది.

ఇప్పుడు పరీక్ష. యంత్రాన్ని విప్పకముందు ఒక కాగితం తీసుకుని కొన్ని పాటలు వేసి చూడండి. ఏ రికార్డు, ఏ వైపు, ఎంతసేపటికి, ఆర్మ్ ఎక్కడ ఉండగా వెనక్కి వెళ్లిందో రాసుకోండి. ఈ పని చాలామందికి విసుగు. కానీ సగం రోగనిర్ణయం ఈ కాగితం మీదే జరిగిపోతుంది. అన్ని రికార్డులూ ముల్లు దిగిన వెంటనే వెళ్లిపోతుంటే అది సర్క్యూట్‌కు గాని, ముల్లు దిగే చోటుకు గాని సంబంధించింది. కొన్ని రికార్డులే వెళ్లిపోతుంటే ముందు ఆ రికార్డులను అనుమానించాలి. అన్ని రికార్డులూ దాదాపు ఒకే వ్యాసార్ధం దగ్గర ఆగిపోతుంటే ఆర్మ్ కదలికలో ఆ చోట ఏదో అడ్డు తగులుతోంది. ఏ క్రమమూ లేకుండా అప్పుడప్పుడు జరుగుతుంటే వదులు కనెక్షనో, అదురో కారణం. నిలువుగా వాయించే యంత్రంలో ఒక వైపు పాటలే చెడుతూ రెండో వైపు పాటలు సవ్యంగా నడుస్తుంటే, రెండిటికీ ఉమ్మడిగా ఉన్న భాగాలన్నీ ఒక్క దెబ్బతో అనుమానం నుంచి బయటపడతాయి. మిగిలేది ఆ వైపు ముల్లు, ఆ వైపు పనిచేసే లీవర్లు, స్విచ్‌లు మాత్రమే. రికార్డును అరలోంచి తీసి ఇటుది అటు తిప్పి పెట్టి మళ్లీ వేస్తే, లోపం రికార్డుతోపాటు వైపు మారిందా, యంత్రంతోనే ఉండిపోయిందా అన్నది కూడా తేలిపోతుంది.

ముల్లు దిగిన వెంటనే రిజెక్ట్ అయ్యే జబ్బును మొదట తీసుకుందాం. జ్యూక్‌బాక్సు వెనకవైపున గాని, యజమాని చేతికి అందే చోట విడిగా తీగతో అమర్చిన డబ్బాలో గాని ఒక రిజెక్ట్ బటన్ ఉంటుంది. ఎవరైనా నచ్చని పాట వేస్తే ఆపడానికి, వాల్యూమ్ మార్చడానికి ఆ డబ్బాను పెట్టేవారు. ఎలక్ట్రికల్ ట్రిప్ ఉన్న యంత్రాల్లో ఈ బటన్ చేసే పని సాధారణంగా ట్రిప్ స్విచ్ చేసే పనే, అంటే అదే కాయిల్‌కు కరెంటు అందించడం. ఆ డబ్బా తీగ ఏళ్ల తరబడి గోడ వెంట, కుర్చీల కాళ్ల కింద నలిగి, రబ్బరు తొడుగు పెళుసెక్కి, లోపలి రెండు తీగలు ఒకదానికొకటి తగిలితే, ఆ బటన్‌ను ఎవరో ఎప్పటికీ నొక్కి పట్టుకున్నట్టే. యంత్రం చెప్పినట్టే చేస్తుంది: రికార్డు తెస్తుంది, పెడుతుంది, వెంటనే తిరిగి తీసుకుపోతుంది. అందుకే ఈ లక్షణం కనబడినప్పుడు నా మొదటి పని, యంత్రాన్ని ప్లగ్ నుంచి తీసి, ఆ విడి డబ్బా కనెక్టరును ఊడదీసి, మళ్లీ ఒక పాట వేసి చూడటం. లోపం పోయిందంటే టోన్ ఆర్మ్ వైపు చూడవలసిన అవసరమే లేదు. ఒకవేళ యంత్రాన్ని ఆ డబ్బా లేకుండా నడపడానికి తీగల కొసలకు అడ్డంగా ముక్క ఏదైనా కలపవలసి ఉంటే, దాని సర్వీస్ మాన్యువల్‌లో చూసి మాత్రమే కలపండి. కొన్ని నమూనాల్లో వాల్యూమ్ నియంత్రణ కూడా ఆ తీగల మీదే నడుస్తుంది.

డబ్బా తీసేసినా అదే జరుగుతుంటే అనుమానం సొలినాయిడ్, అంటే కరెంటు అందగానే కడ్డీని లోపలికి లాగే ట్రిప్ కాయిల్ మీదికి వస్తుంది. ట్రిప్ కాయిల్ లోపల జారే ఇనుప కడ్డీ పాత నూనెతో జిగటబారితే, ఒకసారి లోపలికి లాగబడ్డాక తిరిగి బయటకు రాదు. అప్పుడు మొదటి పాట పూర్తిగా నడుస్తుంది, సరిగానే ముగుస్తుంది, తర్వాత వచ్చే ప్రతి రికార్డూ పెట్టగానే తిరిగి వెళ్లిపోతుంది. మొదటి పాట బాగుండి రెండవ పాట నుంచి లోపం మొదలైతే నేను నేరుగా అక్కడికే వెళతాను. చికిత్స సులభం: కడ్డీని బయటికి తీసి, కడ్డీనీ గొట్టాన్నీ ఆల్కహాలుతో తుడిచి, పొడిగానే తిరిగి పెట్టాలి. అక్కడ నూనె వేయకూడదు. పాత జ్యూక్‌బాక్సులకు తుప్పు చేసిన హాని కంటే స్ప్రే నూనె డబ్బాలు చేసిన హానే ఎక్కువని నా గట్టి నమ్మకం. ఆ నూనె ఆ రోజుకు అన్నిటినీ వదులు చేస్తుంది, కొన్ని నెలలకు దుమ్ము పట్టి మునుపటికంటే గట్టి జిగురవుతుంది. ఇంకొక హెచ్చరిక కూడా ఇక్కడే చెప్పాలి. ట్రిప్ కాయిల్ క్షణకాలం పనిచేయడానికి తయారైంది. స్విచ్ అతుక్కుపోయి దానికి ఆగకుండా కరెంటు అందుతుంటే కాలిపోతుంది. కాలిన కాయిల్‌ను చూసి కొత్త కాయిల్ వేసి పంపేసేవాడు, దాన్ని కాల్చిన స్విచ్‌ను అలాగే వదిలేస్తే, కొత్తది కూడా పాతదాని దారే పడుతుంది.

ముల్లు దిగే చోటు కూడా ఈ జబ్బుకు కారణం కావచ్చు. వేగాన్ని బట్టి ట్రిప్ అయ్యే యంత్రంలో, ఆర్మ్‌ను దించే క్యామ్ (తిరుగుతూ లీవర్లను నెట్టే వంకర చక్రం) లేదా లీవరు దాన్ని పక్కకు కాస్త విసిరినట్టు దించితే, ఆ విసురునే పాట చివరి దూకుడుగా యంత్రం లెక్కిస్తుంది. కొన్ని యంత్రాల్లో ఇలా జరగకుండా, ఆర్మ్ పూర్తిగా దిగేవరకు ట్రిప్ సర్క్యూట్‌ను తెరిచి ఉంచే క్యామ్ స్విచ్ ఒకటి ఉంటుంది. అది క్షణం ముందే మూసుకుంటున్నా ఇదే ఫలితం వస్తుంది. కళ్లతో చూస్తే అంతా సవ్యంగానే కనబడుతుంది కనుక, ఫోన్‌తో నెమ్మది కదలిక వీడియో తీసి చూడటం ఈ ఒక్క విషయంలో చాలా ఉపయోగపడుతుంది.

పాట మధ్యలో ఆగిపోవడం ఇంతకంటే ఆసక్తికరమైన జబ్బు. కొన్ని రికార్డులే ఆగిపోతుంటే, వాటిని టర్న్‌టేబుల్ మీద పెట్టి పైనుంచి ఆర్మ్ కొసను గమనించండి. మధ్య రంధ్రం కేంద్రానికి అర మిల్లీమీటరు తప్పి ఉందనుకుందాం. అప్పుడు గాడి ప్రతి చుట్టులోనూ మొత్తం ఒక మిల్లీమీటరు మేర లోపలికీ బయటికీ ఊగుతుంది. అంటే అర చుట్టులో, సెకనులో మూడింట రెండు వంతుల కాలంలో, ఆర్మ్ ఒక మిల్లీమీటరు లోపలికి జరుగుతుంది. సవ్యమైన రికార్డులో అదే వ్యవధిలో జరిగేది పదో వంతు మిల్లీమీటరు. వేగం చూసే ట్రిప్ అమరికకు ఇది పాట ముగిసినట్టే కనబడితే తప్పు దానిది కాదు. చిన్న రంధ్రంతో వచ్చిన రికార్డులను జ్యూక్‌బాక్సులో వాడుకోవడానికి 38 మిల్లీమీటర్ల పెద్ద రంధ్రం కొట్టినప్పుడు ఈ దోషం తరచు ఏర్పడుతుంది. వంకర తిరిగిన రికార్డు కూడా ఇలాంటి మోసమే చేస్తుంది, కాకపోతే దాని ఊపు పైకీ కిందికీ ఉంటుంది కనుక కంటికి వెంటనే దొరికిపోతుంది.

అన్ని రికార్డులూ ఒకే వ్యాసార్ధం దగ్గర ఆగిపోతుంటే, ప్లగ్ తీసేసి ఆర్మ్‌ను చేతితో కదిపి చూడాలి. పాట నడుస్తుండగా ప్లగ్ లాగేస్తే యంత్రం వాయించే స్థితిలోనే ఆగిపోతుంది. ముల్లును రికార్డునుంచి కాస్త ఎత్తి పట్టుకుని, ఒక్క వేలితో ఆర్మ్‌ను బయటి అంచునుంచి లోపలికి తీసుకురండి. ఎక్కడా గరుకు, ఎక్కడా స్ప్రింగులా వెనక్కి లాగడం తగలకూడదు. తగిలితే ఎక్కువసార్లు కారణం పివట్ కాదు, పికప్ నుంచి వచ్చే సన్నని తీగలు. పాత తీగల తొడుగు గట్టిపడి ఉండవచ్చు, లేదా ఎవరో మరమ్మతు చేసినవారు వాటి స్థానంలో మందపాటి తీగలు అతికి ఉండవచ్చు. వెంట్రుక మందాన ఉండవలసిన తీగ చోట మామూలు తీగ పెడితే, అది ఆర్మ్‌ను ఒక చోట పట్టి ఆపి, గాడి బలవంతంగా లాగినప్పుడు ఒక్కసారిగా వదులుతుంది. ఆ వదిలే కుదుపే ట్రిప్ అవుతుంది. వేగం చూసే అమరికల్లో ఇంకొక సంగతి: ఘర్షణతో మాత్రమే కలిసి ఉండవలసిన రెండు లీవర్ల మధ్య గ్రీజు గట్టిపడితే అవి జారడం మానేసి ఒకే ముక్కలా కదులుతాయి. అప్పుడు వేగం చూడవలసిన యంత్రం తెలియకుండానే స్థానం చూసే యంత్రంగా మారిపోతుంది, అదీ పాట ఇంకా చాలా మిగిలి ఉన్న స్థానంలో. ఈ స్థితిలో ట్రిప్ స్క్రూ తిప్పి పాట చివరిదాకా వచ్చేలా చేయడం, థర్మామీటరును దులిపి జ్వరం తగ్గిందనుకోవడం లాంటిది. ఆ లీవర్లను విప్పి పూర్తిగా శుభ్రం చేస్తే స్క్రూను ఉన్నచోటే ఉంచవచ్చు.

పడుకోబెట్టి వాయించే యంత్రాల్లో పెట్టె నేలమీద సమంగా లేకపోయినా ఆర్మ్ ఒక వైపుకు వాలి ఇలాంటి తిప్పలు తెస్తుంది. రసమట్టం పెట్టి చూడటానికి నిమిషం చాలు, అయినా చాలామంది చూడరు.

క్రమం లేకుండా అప్పుడప్పుడు రిజెక్ట్ అవుతుంటే, వాల్యూమ్‌ను పూర్తిగా తగ్గించి అవే పాటలు మళ్లీ వేయండి. లోపం మాయమైతే కారణం స్పీకరు. పెద్ద బాస్ శబ్దానికి పెట్టె మొత్తం అదురుతుంది. ట్రిప్ స్విచ్‌లోని ఆకుల (పలుచని లోహపు రేకుల) మధ్య ఎడం అతి తక్కువగా ఉంటే ఆ అదురుకే అవి తగులుకుంటాయి. సందు పెంచడానికి మాన్యువల్‌లో చెప్పిన కొలత వాడండి, ఆకును దాని మొదట్లో మాత్రమే వంచండి, కొసన వంచకండి. వాల్యూమ్ తగ్గించినా లోపం పోకపోతే, బహుళ పిన్నుల ప్లగ్గులను ఒక్కొక్కటిగా ఊడదీసి తిరిగి గట్టిగా నొక్కి, తీగల కట్టను చెక్క పుల్లతో మెల్లగా కదుపుతూ చూడాలి. ఇది కరెంటు ఉండగా చేసే పరీక్ష కనుక, వాల్వు ఆంప్లిఫయరుకు దూరంగా, ఒక చేయి వెనక్కి పెట్టుకుని చేయండి. వాల్వు ఆంప్లిఫయరు కెపాసిటర్లు ప్లగ్ తీసిన తర్వాత కూడా ప్రమాదకరమైన వోల్టేజిని నిలుపుకోగలవు. ఆ భాగంలో చేయి పెట్టవలసి వస్తే రెసిస్టరుతో వాటిని ఖాళీ చేసి, మీటరుతో కొలిచాకే పెట్టాలి.

మూడవ జబ్బు, పాట అయిపోయినా రికార్డు వెళ్లకపోవడం. ముల్లు ముగింపు గాడిలో తిరుగుతుంటే వెనకవైపు రిజెక్ట్ బటన్ నొక్కండి. రికార్డు వెళ్లిపోతే కాయిల్, దాని తర్వాతి లీవర్లు అన్నీ ఆరోగ్యంగా ఉన్నాయి, లోపం ఆర్మ్‌కూ ట్రిప్ స్విచ్‌కూ మధ్యన ఉంది. బటన్‌కు కూడా కదలకపోతే ఆర్మ్‌ను వదిలేసి విద్యుత్తు వైపు వెళ్లాలి. ఈ ఒక్క బటన్ నొక్కి చూడకుండానే ఆర్మ్ మొత్తం విప్పి పరచినవాళ్లను నేను చూశాను.

మొదటి సందర్భంలో స్విచ్ కాంటాక్టులను చూడాలి. వాటి మీద నల్లని పొర పేరుకుని ఉంటుంది. ఆకురాయి, గరుకు కాగితం వాడితే కాంటాక్టు పూత లేచిపోతుంది. ముందుగా ఆల్కహాలులో తడిపిన మందపాటి తెల్ల కాగితం ముక్కను కాంటాక్టుల మధ్య పెట్టి, వేలితో వాటిని మెల్లగా మూసి, కాగితాన్ని బయటికి లాగండి. కాగితం మీద నల్లని గీత పడుతుంది. కొత్త ముక్కతో మళ్లీ లాగండి. గీత పడటం ఆగిపోయేదాకా ఇలా చేసి, చివర పొడి కాగితంతో ముగించి, స్విచ్ తీగ ఒకటి విడదీసి మీటరుతో కొలిస్తే, మూసినప్పుడు నిరోధం దాదాపు సున్నా రావాలి. కాంటాక్టులు బాగున్నా ట్రిప్ కాకపోతే, ముల్లు అరిగిందేమో చూడండి. అరిగిన ముల్లు ముగింపు గాడి గోడను పట్టుకోలేక దాని మీదుగా జారిపోతుంది, ఆర్మ్‌ను లోపలికి లాగవలసిన బలం అందదు. ముగింపు గాడిలో పేరుకున్న దుమ్ము కూడా అదే పని చేస్తుంది. ముల్లు బరువును మాన్యువల్ చెప్పినదానికంటే తగ్గించి ‘రికార్డులను కాపాడుతున్నాను’ అనుకునేవారి యంత్రాల్లో ఈ లోపం తరచు కనబడుతుంది. ఆ బరువులో కొంత భాగం ట్రిప్ లీవరును నెట్టడానికే ఉద్దేశించారు.

రెండవ సందర్భంలో, అంటే బటన్‌కూ కదలిక లేనప్పుడు, ముందు ఫ్యూజు, తర్వాత కాయిల్ నిరోధం, ఆ తర్వాత దానికి అందే వోల్టేజి చూడాలి. చాలా యంత్రాల్లో ఈ నియంత్రణ సర్క్యూట్లు సుమారు 24 నుంచి 30 వోల్టుల మీద పనిచేస్తాయి. అది డీసీ అయి, పాత సెలీనియం రెక్టిఫయర్ (ఏసీని డీసీగా మార్చే భాగం) నుంచి వస్తుంటే, వోల్టేజిని కాయిల్ పనిచేస్తున్న క్షణంలో కొలవండి. పని లేనప్పుడు కొలిస్తే మోసపోతారు. సెలీనియం పలకలకు వయసు పెరిగేకొద్దీ లోపలి నిరోధం పెరుగుతుంది. భారం లేనప్పుడు వోల్టేజి నిండుగా కనబడి, కాయిల్ లాగగానే పడిపోతుంది. సొలినాయిడ్ సగం లాగి వదిలేసే యంత్రాల్లో ముందు చూడవలసింది ఇదే. సిలికాన్ డయోడ్లు వేయవచ్చు, కాని వాటిలో పోయే వోల్టేజి చాలా తక్కువ కనుక కాయిల్‌కు అవసరానికి మించి అందుతుంది; తగిన రెసిస్టరు వరుసలో పెట్టి అసలు వోల్టేజికి తేవాలి. కాలుతున్న సెలీనియం నుంచి వచ్చే దుర్వాసన విషపూరితమైనది, అది తగిలితే ప్లగ్ తీసి కిటికీలు తెరవండి.

60 హెర్ట్జ్‌కు తయారైన యంత్రాన్ని 50 హెర్ట్జ్ కరెంటు మీద నడిపేవారికి ఒక మాట. వోల్టేజి మార్చే ట్రాన్స్‌ఫార్మర్ ఫ్రీక్వెన్సీని మార్చదు. మోటారు వేగం ఫ్రీక్వెన్సీని బట్టే ఉంటుంది కనుక, మోటారు పుల్లీ మార్చకపోతే నిమిషానికి 45 చుట్లు తిరగవలసిన రికార్డు 37.5 చుట్లే తిరుగుతుంది, చుట్టుకు 1.6 సెకన్లు పడుతుంది. పాట బరువుగా వినబడుతుందన్నది అందరికీ తెలుస్తుంది. ముగింపు గాడిలో ఆర్మ్ వేగం కూడా అదే నిష్పత్తిలో తగ్గుతుందన్నది చాలామందికి తట్టదు. ఇరుసు కొక్కెంతో చుట్టుకొకసారి కొలిచే అమరికకు దీనితో ఇబ్బంది లేదు. కాలాన్ని బట్టి, అంటే జారే వేగాన్ని బట్టి పనిచేసే అమరిక మాత్రం అప్పుడప్పుడు ట్రిప్ కాకుండా ఉండిపోవచ్చు. ఇక్కడ కూడా మందు పుల్లీలోనే ఉంది.

ఇవన్నీ చూసి, శుభ్రం చేసి, తీగలు సరిచేసి, వేగం సరిచూసి, అప్పటికీ పాట చివరి మాటలు తెగిపోతుంటేనో, ముగింపు గాడిలో ముల్లు ఎక్కువసేపు తిరుగుతుంటేనో, అప్పుడు ట్రిప్ స్క్రూ దగ్గరికి వెళ్లండి. తిప్పేముందు దాని ఇప్పటి స్థానానికి పెన్సిలుతో గుర్తు పెట్టండి. పాట బాగా లోపలిదాకా సాగే రికార్డు ఒకటి, తొందరగా ముగిసే రికార్డు ఒకటి పక్కన పెట్టుకుని, ఒకసారికి పావు చుట్టుకు మించకుండా తిప్పుతూ రెండిటి మీదా పరీక్షించండి. మొదటిది తెగకుండా, రెండవది ఆలస్యం కాకుండా నిలిచే చోటు దొరుకుతుంది. అలాంటి చోటే దొరకకపోతే మీరు ఇంకా ఏదో వదిలేశారని అర్థం, కాగితం దగ్గరికి తిరిగి వెళ్లండి.

సభలో ఒకరు మంచి ప్రశ్న పంపారు: అన్నీ సవ్యంగా ఉండి, ఒకే ఒక్క ఇష్టమైన రికార్డు మాత్రం ప్రతిసారీ మధ్యలో వెళ్లిపోతుంటే, దానికోసం ట్రిప్‌ను కాస్త మొద్దుబార్చవచ్చా అని. చేయవద్దనే నా సమాధానం. అలా చేస్తే మిగిలిన రికార్డుల్లో కొన్ని ముగింపు గాడిలో చిక్కుకుంటాయి, ముల్లు వృథాగా అరుగుతుంది. ముందు ఆ రికార్డును వేరే అరలో పెట్టి చూడండి, అర వంకర కూడా రికార్డును సరిగా కూర్చోనివ్వదు. అక్కడా అంతే అయితే రంధ్రం కొలవండి. రంధ్రం పెద్దదై కేంద్రం తప్పి ఉంటే, దాని లోపలి అంచున ఒక వైపు పలుచని టేపు ముక్క అతికించి, ఊపు తగ్గేవరకు ఆ ముక్కను చుట్టూ జరిపి చూడవచ్చు. టేపు కొస పైకి లేవకుండా చూసుకోవాలి, లేకపోతే రికార్డును పట్టే చేతులకు తగులుకుంటుంది. అదీ కుదరకపోతే ఆ పాట మరో ప్రతి కొనండి, ఉన్నదాన్ని చేత్తో ఎత్తి పెట్టే మామూలు ప్లేయరు మీద వినండి.